కడప నుంచి కువైట్ ఎంత దూరం, డాలస్‌కి ఎన్ని గంటలు? గాలిదూరం, విమాన సమయం మీరే లెక్కేసుకునే పద్ధతి

మా చిన్నాయన కువైట్‌లో డ్రైవరు. ఒకసారి సెలవుకు వస్తూ టికెట్ ఫొటో పంపాడు. బయలుదేరేది 14వ తేదీ రాత్రి 11.10కి, శంషాబాద్‌లో దిగేది ఉదయం 5.55కి. నేను తేదీ చూశాను, రెండు టైములూ చూశాను. దిగే టైము పక్కన చీమ తలకాయంత వేసిన +1 (దిగేది మర్నాడు అని గుర్తు) మాత్రం చూడలేదు. 13 రాత్రే ప్రొద్దుటూరులో కారు మాట్లాడుకుని, నంద్యాల, కర్నూలు మీదుగా పోయి, 14 తెల్లవారేసరికి ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డాను. ఏడైంది, ఎనిమిదైంది. ఫోన్ చేస్తే చిన్నాయన నిద్రమత్తులో ఎత్తాడు. "ఏం రా, నేనింకా పెట్టె కూడా కట్టలేదు కదా!"

ఒక రోజు కారు బాడుగ దండగైంది సరే. ఇంటికొచ్చాక మా జేజి అడిగిన ప్రశ్న అంతకంటే ఇబ్బంది పెట్టింది. "ఇంతకీ విమానం ఎన్ని గంటలు పడుతుంది నాయనా?" 11.10 నుంచి 5.55కి లెక్కేస్తే ఆరు గంటల ముప్పావు. చిన్నాయనేమో నాలుగు గంటల చిల్లరే అంటాడు. పోయేటప్పుడు టికెట్ చూస్తే అందులో రెండు గంటల పైచిల్లరే కనిపిస్తుంది. ఒకే దారికి మూడు లెక్కలు! అప్పటినుంచి ఈ లెక్క మీద పడ్డాను. ఇప్పుడు మా వీధిలో ఎవరింట్లో పిల్లలు విమానమెక్కినా టికెట్ నా దగ్గరికే వస్తుంది. నేను చేసే పద్ధతే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కావలసినవి ఫోన్, అందులో సైన్, కొసైన్ ఉన్న క్యాలిక్యులేటరు, ఒక మూర దారం, ఒక పెద్ద చీనీకాయ (బత్తాయి). చీనీకాయ ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

మొదటి మెట్టు: ఏ ఎయిర్‌పోర్టు నుంచి ఏ ఎయిర్‌పోర్టుకు?

"కడప నుంచి కువైట్" అని నోటితో అంటాం గానీ, కడప నుంచి కువైట్‌కి నేరుగా విమానం లేదు. కడప ఎయిర్‌పోర్టు 2015 జూన్‌లో మళ్లీ తెరుచుకుంది. కర్నూలుది ఓర్వకల్లు దగ్గర 2021 మార్చిలో మొదలైంది. రెండిట్లోనూ తిరిగేవి దేశంలోపలి విమానాలే. అనంతపురం వాళ్లకు బెంగళూరు దేవనహళ్లి, కర్నూలు వాళ్లకు శంషాబాద్ ఇంచుమించు చెరో మూడు గంటల దారి. కడప వాళ్లమే మధ్యలో ఇరుక్కున్నాం. చెన్నైకి పోవాలా, బెంగళూరుకా, హైదరాబాదుకా అని ప్రతిసారీ ఇంట్లో పంచాయితీ.

ఆ పంచాయితీ తీర్చడానికి కువైట్‌కి గాలిదూరాలు చెప్తాను. ఇవి ఎట్లా వచ్చాయో మూడో మెట్టులో చూద్దాం. హైదరాబాదు నుంచి దాదాపు 3,370 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 3,545, చెన్నై నుంచి 3,775. అంటే చెన్నై నుంచి ఎక్కితే హైదరాబాదు కంటే 400 కిలోమీటర్లు ఎక్కువ. గాల్లో అది అరగంట. రోడ్డు మీద మాత్రం కడప నుంచి హైదరాబాదు 400 కిలోమీటర్ల పైన, చెన్నై దానికంటే బాగా దగ్గర. గాల్లో అరగంట మిగుల్చుకోవడానికి రోడ్డు మీద రెండు గంటలు పోగొట్టుకోవడం నాకైతే బేరం కాదు. టికెట్ ధరలో పెద్ద తేడా ఉంటే ఆలోచించాలి, అది వేరే మాట.

రెండో మెట్టు: అక్షాంశం, రేఖాంశం పట్టుకోవడం

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, రన్‌వే మీద వేలు కాసేపు అదిమి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, భూమధ్యరేఖకు ఎంత పైన ఉన్నామో చెబుతుంది. రెండోది రేఖాంశం, లండన్‌లోని గ్రీనిచ్ గీతకు ఎంత తూర్పున ఉన్నామో చెబుతుంది. అమెరికా అంకెల్లో రేఖాంశం ముందు మైనస్ ఉంటుంది, అంటే గ్రీనిచ్‌కు పడమర.

ఊరి మీద కాకుండా ఎయిర్‌పోర్టు మీదే వేలు పెట్టండి. మనకు పనికొచ్చేవి కొన్ని ఇవి:

కడప: 14.51, 78.77
కర్నూలు (ఓర్వకల్లు): 15.71, 78.16
శంషాబాద్: 17.24, 78.43
బెంగళూరు: 13.20, 77.71
విశాఖపట్నం: 17.72, 83.22
కువైట్: 29.23, 47.97
దోహా: 25.27, 51.61
డాలస్: 32.90, -97.04
శాన్‌ఫ్రాన్సిస్కో: 37.62, -122.38

టికెట్ మీద ఊరి పేర్లకు బదులు మూడక్షరాల కోడ్‌లు ఉంటాయి. కడపది సి.డి.పి. బ్రిటిషు కాలంలో కడపను "కడ్డపా" అని రాసేవాళ్లు కదా, ఆ స్పెల్లింగు ఇంకా అందులో బతికే ఉంది. కర్నూలుది కె.జె.బి., హైదరాబాదుది హెచ్.వై.డి., బెంగళూరుది బి.ఎల్.ఆర్.

మూడో మెట్టు: దూరం

అసలు పని ఇక్కడే. దగ్గరి ఊళ్లకు ఒక పద్ధతి, ఖండాలు దాటితే ఇంకో పద్ధతి.

*దగ్గరి ఊళ్లకు, గల్ఫ్‌కు: పదో తరగతి లెక్క చాలు.* ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మాత్రం ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గరే 111. పైకి పోయేకొద్దీ గీతలు ఒకదానికొకటి దగ్గరవుతాయి కాబట్టి ఆ 111ని అక్కడి అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. తర్వాత రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే దూరం వచ్చినట్టే. అదే పైథాగరస్.

కర్నూలు నుంచి విశాఖ చూద్దాం. అక్షాంశాల తేడా 2.01, దాన్ని 111తో గుణిస్తే 223 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 5.06. రెండు ఊళ్ల మధ్య సగటు అక్షాంశం 16.7, దాని కొసైన్ 0.958. మూడూ గుణిస్తే (5.06, 111, 0.958) 538 కిలోమీటర్లు. 223 వర్గం, 538 వర్గం కలిపి మూలం తీస్తే 582. అంతే, కర్నూలు నుంచి విశాఖకు గాలిదూరం 582 కిలోమీటర్లు.

కడప నుంచి శంషాబాద్ ఇంకా సులభం. రెండూ దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి, రేఖాంశంలో తేడా మూడో వంతు డిగ్రీ మాత్రమే. 2.73 డిగ్రీలు పైకి, అంటే 303 కిలోమీటర్లు. పక్కకు జరిగే 36 కిలోమీటర్లు కలిపి మూలం తీసినా 305 దాటదు.

ఇదే లెక్క హైదరాబాదు, కువైట్‌కు వేశాను. పైకి 11.99 డిగ్రీలు, అంటే 1,331 కిలోమీటర్లు. పక్కకు 30.46 డిగ్రీలు, సగటు అక్షాంశం 23.2, దాని కొసైన్ 0.919. గుణిస్తే 3,107. మూలం తీస్తే 3,380. భూమి గుండ్రాన్ని కూడా పట్టించుకునే గోళం లెక్క (అది కింద చెప్తాను) ప్రకారం సరైన దూరం 3,371. మూడు వేల పైచిలుకు కిలోమీటర్లకు తప్పు తొమ్మిది కిలోమీటర్లే! గల్ఫ్ దేశాలకు ఇంతకంటే పెద్ద లెక్క అక్కర్లేదు.

*అమెరికాకు: ఈ లెక్క కుప్పకూలుతుంది.* హైదరాబాదు, డాలస్‌కు పైథాగరస్ వేస్తే 17,700 కిలోమీటర్లకు పైన వస్తుంది. నిజమైన దూరం 14,400 చిల్లర. 3,300 కిలోమీటర్ల తప్పు. హైదరాబాదు నుంచి కువైట్ పోయేంత దూరం!

ఎందుకంటే గోడకు తగిలించే మ్యాపు బల్లపరుపు, భూమి గుండ్రం. మ్యాపులో డాలస్ మనకు పడమటి దిక్కున, అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు చీనీకాయ తీసుకోండి. తొడిమ ఉత్తర ధ్రువం. నడుము చుట్టూ పెన్నుతో గీసే గీత భూమధ్యరేఖ. ఆ గీత నుంచి తొడిమ వైపు అయిదో వంతు పైకి పోయి ఒక చుక్క పెట్టండి, అది హైదరాబాదు. కాయను సరిగ్గా అవతలి పక్కకు తిప్పి, గీత నుంచి మూడో వంతు కంటే కొంచెం పైన ఇంకో చుక్క పెట్టండి, అది డాలస్. రేఖాంశాల తేడా 175 డిగ్రీలు కాబట్టి ఈ రెండూ దాదాపు ఎదురెదురుగా ఉంటాయి.

రెండు చుక్కల మధ్య దారం బిగించి లాగండి. దారం పడమటికి పోదు. తొడిమ పక్కగా పోతుంది! మా జేజికి ఇది చూపిస్తే, "అయితే అమెరికా మనకు పైన ఉందన్నమాట" అంది. తప్పేముంది? హైదరాబాదు నుంచి డాలస్‌కు అన్నిటికంటే దగ్గరి దారి ఉత్తరానికి అయిదు డిగ్రీలు మాత్రం పడమరగా మొదలై, ఢిల్లీ పక్కగా, లడాఖ్ మీదుగా మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చేరువలో ఆర్కిటిక్ సముద్రం మీదుగా కెనడాలో దిగి డాలస్ చేరుతుంది. గోళం మీద ఇలాంటి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు.

దారాన్ని కొలిచినా దూరం వస్తుంది. కాయ చుట్టుకొలత 25 సెంటీమీటర్లు ఉంటే, రెండు చుక్కల మధ్య దారం 9 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 9ని 25తో భాగించి 40,000తో గుణిస్తే 14,400. కాయ కొంచెం సొట్టగా ఉంటే వంద రెండు వందలు అటూ ఇటూ అవుతుంది, అంతే.

*ధ్రువం ఒడుపు.* రెండు ఊళ్లు ఇలా ఎదురెదురు పక్కల ఉన్నప్పుడు క్యాలిక్యులేటరు కూడా పెద్దగా అక్కర్లేదు. రెండు అక్షాంశాలు కలిపి 180లో తీసేయండి. 17.24కు 32.90 కలిపితే 50.14. 180లో తీసేస్తే 129.86. దాన్ని 111.19తో గుణిస్తే 14,440. గోళం లెక్కకూ దీనికీ తేడా 22 కిలోమీటర్లు. ఇది మొదటిసారి తేలినప్పుడు నేను కాగితం రెండుసార్లు చూసుకున్నాను. రేఖాంశాల తేడా 170 నుంచి 180 మధ్య ఉంటేనే దీన్ని నమ్మండి. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆ తేడా 160 డిగ్రీలే, అక్కడ ఈ ఒడుపు 370 కిలోమీటర్లకు పైగా తప్పు చూపిస్తుంది.

*ఎక్కడికైనా పనిచేసే సూత్రం.* మొదట రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌ను, మూడింటినీ గుణించండి. రెండు ఫలితాలూ కలపండి. వచ్చిన అంకెకు ఆర్క్ కొసైన్ (cos⁻¹ బటన్) నొక్కితే డిగ్రీలు వస్తాయి. ఆ డిగ్రీలను 111.19తో గుణించండి.

హైదరాబాదు, కువైట్‌కు వేసి చూస్తే: 0.2964ను 0.4883తో గుణిస్తే 0.1447. 0.9551, 0.8727, 0.8620 మూడూ గుణిస్తే 0.7185. కలిపితే 0.8632. ఆర్క్ కొసైన్ 30.32 డిగ్రీలు. 111.19తో గుణిస్తే 3,371 కిలోమీటర్లు. క్యాలిక్యులేటరు డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా ముందే చూసుకోండి. నేను మొదటిసారి రేడియన్లలో పెట్టి కువైట్‌ను ఎక్కడికో పంపించేశాను. రేఖాంశాల తేడా తీసేటప్పుడు ఒకటి మైనస్ అయితే కూడాలి. డాలస్‌కు 78.43కు 97.04 కలిపితే 175.47. కూడినది 180 దాటితే 360లో తీసేయాలి.

ఇదంతా ఎందుకు అనుకుంటే, కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఒక ఎయిర్‌పోర్టు మీద మౌస్ కుడి బటన్ నొక్కి దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండోదాని మీద నొక్కినా చాలు. అదీ గోళం మీద దూరమే చూపిస్తుంది, గీత వంగి కనిపించేది అందుకే. లెక్క ఒక్కసారి చేత్తో చేసినవాడికి ఆ వంపు ఎందుకో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: దూరాన్ని గంటల్లోకి మార్చడం

విమానాన్ని బట్టి వేగం మారుతుంది. కడప, కర్నూలు లాంటి చిన్న ఎయిర్‌పోర్టులకు వచ్చే రెక్కల ఫ్యాన్ల ఏ.టి.ఆర్. 72 విమానం గంటకు 500 కిలోమీటర్ల లెక్కన పోతుంది. గల్ఫ్‌కు తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి 830, 840. అమెరికాకు పోయే పెద్ద విమానాలు, బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ 350 లాంటివి 890, 900.

దూరాన్ని వేగంతో భాగించి అరగంట కలపండి. రన్‌వే దాకా మెల్లగా పాకేది, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తగ్గేది, దిగే వరసలో తిరిగేది, అన్నీ ఆ అరగంటలోకి వస్తాయి. ఏ.టి.ఆర్. అంత ఎత్తుకు ఎక్కదు కాబట్టి దానికి 25 నిమిషాలు చాలు.

కడప, శంషాబాద్: 305ను 500తో భాగిస్తే 37 నిమిషాలు, 25 కలిపితే గంటా రెండు నిమిషాలు. కర్నూలు, విశాఖ: 70 నిమిషాలు, 25 కలిపితే గంటన్నర దాటి అయిదు నిమిషాలు. హైదరాబాదు, కువైట్: 3,371ని 840తో భాగిస్తే నాలుగు గంటలు, అరగంట కలిపితే నాలుగున్నర.

టికెట్ మీద దీనికంటే పది పదిహేను నిమిషాలు ఎక్కువే చూపిస్తారు. విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగేదాకా వాళ్ల లెక్క. దానికి తోడు ఆలస్యమైనా మాట పోకుండా కొంత సర్దుబాటు కలుపుకుంటారు. "ఇరవై నిమిషాలు ముందే దించేశాం" అని మైకులో గొప్పగా చెప్పినప్పుడు నేను నవ్వుకునేది అందుకే.

అయిదో మెట్టు: గాలి

కువైట్ నుంచి వచ్చేటప్పుడు పోయేటప్పటి కంటే అరగంట తక్కువ పడుతుంది. మా ఊరి టీ అంగట్లో దీనికి గట్టి వివరణ ఉంది, "భూమి తిరుగుతుంది కదప్పా, ఊరే ఎదురొస్తుంది" అని. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది, విమానం ఆ గాల్లోనే ఉంది. రైల్లో నడిచేవాడికి రైలు వేగం అడ్డం రానట్టే ఇదీ. భూమి తిరగడం వల్లే తేడా అయితే, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, తేడా అరగంటతో ఆగేదా?

తేడా తెచ్చేది ఎత్తులో వీచే గాలి. 10, 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరులా పారుతుంది. చలికాలంలో అది ఉత్తర భారతం, ఇరాన్, గల్ఫ్ మీదికి దిగి గట్టిగా వీస్తుంది. వేగం గంటకు 150, ఒక్కోసారి 200 కిలోమీటర్లు దాటుతుంది. దారి పొడుగునా అంత ఉండదు కాబట్టి, సగటున గంటకు 60 కిలోమీటర్లు అనుకుని లెక్క వేయండి. పోయేటప్పుడు 840లో 60 తీసేస్తే 780. 3,371 కిలోమీటర్లకు నాలుగు గంటల 19 నిమిషాలు, అరగంట కలిపితే నాలుగు గంటల 50. వచ్చేటప్పుడు 60 కలిపితే 900, మూడు గంటల 45 నిమిషాలు, అరగంట కలిపితే నాలుగుంబావు. మా చిన్నాయన టికెట్‌లో ఉన్నది ఈ నాలుగుంబావే.

వానాకాలంలో కథ మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద పైయెత్తున గాలి తూర్పు నుంచి పడమటికి తిరగబడుతుంది. దాని మీద మొదట లోతుగా పరిశోధన చేసినవాళ్లలో, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన పి. కోటేశ్వరం ఒకరు, 1958లో దాని మీద పేరున్న వ్యాసం రాశారు. అందుకే జులైలో పోవడానికీ రావడానికీ తేడా బాగా తగ్గిపోతుంది.

ఆరో మెట్టు: నేరుగా ఎందుకు పోవు?

లెక్కలో వచ్చేది దారం బిగించిన దూరం. విమానం అంత తిన్నగా పోదు. మామూలుగా రెండు నుంచి అయిదు శాతం ఎక్కువ తిరుగుతుంది. అంతకంటే ఎక్కువైతే పెద్ద కారణం ఏదో ఉన్నట్టే.

ఒకటి రాజకీయం. 2025 ఏప్రిల్ చివరలో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది, 2019లోనూ కొన్ని నెలలు మూసింది. దెబ్బ ఎక్కువగా ఢిల్లీ నుంచి పడమటికి పోయే వాటికి. హైదరాబాదు, బెంగళూరు నుంచి గల్ఫ్‌కు పోయేవి అరేబియా సముద్రం మీదుగా పోతాయి కాబట్టి మనకు అంతగా తగల్లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా సంస్థలకు రష్యా గగనతలం మూసుకుపోయింది.

రెండోది కొండలు. హైదరాబాదు, డాలస్ దారం లడాఖ్, కరకోరం మీదుగా పోతుందని చెప్పాను కదా. విమానంలో గాలి పీడనం పోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి, అక్కడైతేనే మనుషులు మామూలుగా ఊపిరి పీల్చుకోగలరు. కింద ఆరేడు కిలోమీటర్ల కొండలుంటే దించేదెక్కడికి? అందుకని చాలా విమానాలు హిమాలయాలు, టిబెట్ పీఠభూమి పొడుగునా పోకుండా చుట్టు తిరుగుతాయి.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటిసారి నేరుగా విమానం నడిపింది. పైలట్లంతా ఆడవాళ్లే, ముందుండి నడిపింది కెప్టెన్ జోయా అగర్వాల్. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. సూత్రం ప్రకారం దూరం 13,990 కిలోమీటర్ల దరిదాపు. 890తో భాగించి అరగంట కలిపితే పదహారుంబావు వస్తుంది. నిజంగా పట్టింది పదిహేడు గంటల దాకా. మనం కాగితం మీద వేసిన దానికీ ఆకాశంలో జరిగిన దానికీ ముప్పావు గంటే తేడా!

ఏడో మెట్టు: టికెట్ మీద గడియారం

నన్ను శంషాబాద్‌లో నిలబెట్టింది ఇదే కాబట్టి నిదానంగా చదవండి. టికెట్ మీద బయలుదేరే టైము ఆ ఊరిది, దిగే టైము దిగే ఊరిది. రెండింటినీ అట్లాగే తీసేయకూడదు. రెండింటినీ మన టైములోకి మార్చి, అప్పుడు తీసేయాలి.

మన గడియారం కువైట్, దోహా కంటే రెండున్నర గంటలు ముందు. దుబాయ్ కంటే గంటన్నర ముందు. లండన్ కంటే చలికాలంలో అయిదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర. డాలస్ కంటే చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర. శాన్‌ఫ్రాన్సిస్కో కంటే పదమూడున్నర, పన్నెండున్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ ఆ గొడవ లేదు.

చిన్నాయన టికెట్ చూడండి. కువైట్‌లో రాత్రి 11.10 అంటే మనకు రెండున్నర గంటలు కలిపి అర్ధరాత్రి దాటి 1.40, తేదీ 15. దిగేది 5.55. తేడా నాలుగుంబావు. జేజి ప్రశ్నకు జవాబు అదే. పోయేటప్పుడు ఉదయం 10కి హైదరాబాదులో ఎక్కి కువైట్‌లో 12.15కి దిగాడనుకుందాం. 12.15కు రెండున్నర కలిపితే మన టైములో 2.45. అంటే నాలుగు గంటల ముప్పావు ప్రయాణం, టికెట్ మీద రెండుంబావులా కనిపిస్తుంది.

తేదీ దగ్గర రెండు చూసుకోండి. దిగే టైము పక్కన +1 ఉందా, లేదా? అర్ధరాత్రి తర్వాత బయలుదేరే విమానమైతే, 15వ తేదీ 1.30 అంటే 14వ తేదీనే ఇంటి నుంచి కదలాలి. ఈ రెండోదాని వల్ల విమానం తప్పిపోయినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఎనిమిదో మెట్టు: మధ్యలో దిగి మారితే

హైదరాబాదు నుంచి డాలస్‌కు ఒక విమానం మారి పోవడమే మామూలు. దోహాలో మారితే ఎంత చుట్టు? హైదరాబాదు, దోహా 2,913 కిలోమీటర్లు. దోహా, డాలస్ 12,745. కలిపితే 15,658. నేరుగా 14,418. చుట్టు 1,240 కిలోమీటర్లే, గాల్లో గంటన్నర కూడా కాదు. మ్యాపులో చూస్తే దోహా దారి మీద ఉన్నట్టే ఉంటుంది, చీనీకాయ మీద చూస్తే పక్కకు పోయినట్టు తెలుస్తుంది. రెండూ కొంత నిజమే.

టైము లెక్కలో రెండు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు అరగంట కలిపి, మధ్యలో ఆగే టైము చేర్చండి. చలికాలంలో ఒక టికెట్ ఇలా ఉందనుకోండి: హైదరాబాదు తెల్లవారుజామున 3.30, డాలస్ అదే రోజు మధ్యాహ్నం 3.00. చూస్తే పదకొండున్నర గంటలు అనిపిస్తుంది. మధ్యాహ్నం 3కు పదకొండున్నర కలిపితే మనకు అర్ధరాత్రి దాటి 2.30. 3.30 నుంచి లెక్కిస్తే 23 గంటలు. అందులో దోహాకు నాలుగు గంటల చిల్లర, అక్కడ ఆగేది రెండున్నర దాకా, దోహా నుంచి డాలస్ పదహారు. సూత్రం ప్రకారం ఆ చివరి ముక్క పదిహేను గంటలకు కాస్త తక్కువే రావాలి. ఎదురుగాలి, చుట్టుదారి కలిసి మిగతా గంట తింటాయి.

రెండు గంటల కంటే తక్కువ ఆగే టికెట్ మా ఇంట్లో వాళ్లకైతే నేను కొననివ్వను. పెద్దవాళ్లు, ఇంగ్లీషు రానివాళ్లు ఒంటరిగా పోతుంటే మూడు గంటలుంటేనే నయం. గేటు వెతుక్కోవడానికి, మళ్లీ తనిఖీకి అరగంట ఇట్టే పోతుంది, పరుగెత్తే టెన్షన్ వాళ్లకెందుకు?

తొమ్మిదో మెట్టు: లెక్క సరిచూసుకోవడం, ఇంటి నుంచి కదిలే టైము

టికెట్ మీద విమానం నంబరు ఉంటుంది. దాన్ని ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో కొడితే గత కొన్ని రోజులు అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది తెలుస్తుంది. టికెట్ మీది టైము కంటే నేను దీన్నే నమ్ముతాను. అందులో వేగం నాట్లలో (knots, విమానాల, ఓడల వేగానికి వాడే కొలత) ఉంటే 1.852తో గుణించండి. 450 నాట్లంటే గంటకు 833 కిలోమీటర్లు. ఎత్తు అడుగుల్లో ఉంటుంది, 35,000 అడుగులంటే పదిన్నర కిలోమీటర్ల పైన.

పంపేటప్పుడు వెనక్కి లెక్కేయండి. విదేశీ విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. ప్రొద్దుటూరు నుంచి శంషాబాద్‌కు ఆరేడు గంటలు, దారిలో టీకి, భోజనానికి గంట. ఉదయం 10 విమానమైతే ముందు రాత్రి 11కే బండి కదలాలి. తీసుకురావడానికి పోయేటప్పుడు అంత తొందర లేదు. విమానం దిగాక ఇమిగ్రేషన్, సామాన్లు, కస్టమ్స్ దాటి బయటికి రావడానికి గంట పడుతుంది. కువైట్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెలు ఎన్నుంటాయో మీకు తెలిసిందే, ఇంకో పావుగంట వేసుకోండి. 5.55కు దిగే చిన్నాయన ఏడు దాటితే గానీ గేటు బయటికి రాడు. కాబట్టి రాత్రి పన్నెండుకు ప్రొద్దుటూరులో బయలుదేరినా సరిపోతుంది, 14వ తేదీ రాత్రి.